ఒక్క సమాధికి ఐదుగురు మేస్త్రీలు

ఫిబ్రవరి 9, సోమవారం

సిమెంటు షాపువాళ్లు ఏటా మేస్త్రీలకు డైరీ, గోడగడియారం, చొక్కా గుడ్డ ఇచ్చేవారు. ఈసారి డైరీ ఒక్కటే ఇచ్చారు. అది కూడా పోయిన సంవత్సరానిది. తారీఖులు సరిపోయాయి కానీ వారాలు ఒకరోజు వెనక నడుస్తున్నాయి. ఇవాళ సోమవారమైతే ఇందులో ఆదివారం అని ఉంది. కొట్టేసి రాస్తున్నాను.

"పొయ్యిల పెట్టు" అన్నాడు మా ఆయన సంసోను. నేను పెట్టలేదు. ఐదో తరగతి దాకా చదివాను. బైబిలు చదువుతాను గానీ రాయడం మరిచిపోతున్నాను. నేను ఏం రాసినా భయం లేదు. ఆయనకు చదువు రాదు. ఇంట్లో చదువు వచ్చినవాడు లేడు ఇప్పుడు.

మణుగూరు అడ్డా మీద ఇవాళ కూడా డెబ్బై మంది దాకా నిలబడ్డారట. తాపీ మేస్త్రీలు, సెంట్రింగువాళ్లు, రంగులవాళ్లు, సిమెంటు మాలు కలిపే ఆడవాళ్లు. పిలిచిన వాడు ఒక్కడు లేడు. దారి అడగడానికి ఒక ఆటో ఆగితే నలుగురు ఎక్కి కూర్చున్నారట. "పని యాడ సారూ?" అంటే అతను "నేను పెండ్లికి పోతున్న" అన్నాడట. అయినా దిగలేదట. భోజనమన్నా దొరుకుతుందని.

మా ఆయన ఇది నవ్వకుండా చెప్పాడు. నేను నవ్వకుండా విన్నాను. తర్వాత బావి దగ్గరికి పోయి నవ్వుకున్నాను.

ఫిబ్రవరి 12, గురువారం

మా తమ్ముడు బెంజమిన్ హైదరాబాదు నుంచి ఫోను చేశాడు. అక్కడ ఒక అపార్టుమెంటుకు వాచ్‌మెన్‌గా ఉన్నాడు. "ఈస్టరు అయినంక వచ్చెయ్ బావా, పక్క బిల్డింగుల జాగా ఖాళీ అయితుంది. అక్కకు మెట్లు ఊడ్సే పని గూడ ఉంది" అన్నాడు.

కట్టేవాడికి పని లేదు. కట్టినదాన్ని కాపలా కాసేవాడికి మాత్రం ఉంది. ముప్పై ఏళ్లు గోడలు లేపిన మనిషి ఇప్పుడు ఒక గోడ పక్కన స్టూలేసుకొని కూర్చుంటాడు.

నేను వద్దన్నాను.

"ఎందుకొద్దు?"

"కోళ్లున్నయ్."

"కోసుకొని తిందాం."

"నా మోకాళ్లు. మెట్లు ఊడ్వాలె గదా."

"ఇక్కడ ఇటుకలు మోస్తలేవా?"

"అక్కడి దోమలు మంచియి కావంట."

ఆయన నన్ను అదోలా చూసి బీడీ తీసుకొని బయటికి పోయాడు. నిజంగా దోమలే కారణం.

ఫిబ్రవరి 15, ఆదివారం

దోమలు కాదు.

గుడిలో ఆరాధన అయ్యాక సమాధుల తోటకు పోయాను. మా కొడుకు షాలేమ్‌రాజు మట్టి దిబ్బ బాగా కుంగింది. ఆగస్టులో జ్వరం వచ్చి ఐదో రోజుకు పోయాడు. ఇరవై ఆరేళ్లు. టైల్స్ వేసేవాడు. పెట్టినప్పుడు దిబ్బ నా నడుము దాకా ఉంది. ఇప్పుడు మోకాలికి కిందే. మేకలు ఎక్కి తిరుగుతున్నాయి. పక్కన నిరుడు పోయినవాళ్లకు కూడా ఇటుకలతో కట్టి, సిమెంటు పూసి, సున్నం వేశారు. తాపీ మేస్త్రీ కొడుకుది మాత్రం మట్టి.

వచ్చే వానలకు ఇది నేలతో సమం అయిపోతుంది. మేము హైదరాబాదులో ఉంటే ఏది మాదో చూపించడానికి ఎవరుంటారు? మేము ఊరు విడిచేలోపే ఇది కట్టాలి. నాకు కావలసింది ఈ ఒక్కటే. రాసి పెడుతున్నాను.

అన్నం తినేటప్పుడు అడిగాను.

"నన్నడగకు" అన్నాడు. మట్టి ఇచ్చిన రోజు నుంచి ఆయన ఆ తోట వైపే పోలేదు. అడ్డాకు పోవాలన్నా బోడగుట్ట చుట్టూ తిరిగి పోతాడు.

ఫిబ్రవరి 18, బుధవారం

ఆయన నిన్న పని లేకపోయినా తాపీని నూనె పెట్టి తుడిచాడు. ఇవాళ మళ్లీ తుడిచాడు.

ఫిబ్రవరి 24, మంగళవారం

మళ్లీ అడిగాను. ఈసారి తెలివిగా. "నీకు చేతకాకపోతే చెప్పు, వయసు అయిపోయింది గదా" అన్నాను.

కోపం వచ్చింది. నాకు కావలసింది అదే. కానీ కోపంలో వేరే మాట అన్నాడు. "ఎవలనన్న పిలుసుకో. నా చెయ్యి పెట్ట."

ఎవరినైనా అన్నాడు. నా చెవులతో విన్నాను.

మార్చి 3, మంగళవారం

షాలేము పుట్టినరోజు. కోడిగుడ్ల పులుసు చేశాను. ఇంకేం లేదు.

మార్చి 9, సోమవారం

నాకు ఒక పాడు ఆలోచన వచ్చింది. ప్రార్థన చేసుకుంటుంటే వచ్చింది కాబట్టి దేవుడికి తెలిసే ఉంటుంది.

మణుగూరులో జంపయ్య అని ఒక మేస్త్రీ ఉన్నాడు. మంచివాడు. కానీ ఇరవై ఏళ్లలో ఒక్క గోడ నిలువుగా కట్టలేదు. నిలువు చూసే గుండు వేయడు, రసమట్టం పెట్టడు, "నా కన్నే మట్టం" అంటాడు. మా ఆయన ఊళ్లో లేనప్పుడు మా వంటింటి గట్టు జంపయ్యే కట్టాడు. దాని మీద ఏ గిన్నె పెట్టినా పప్పంతా ఒక మూలకు పోతుంది. దాన్ని చూసినప్పుడల్లా మా ఆయన పళ్లు కొరుకుతాడు. ఎక్కడైనా వంకర గోడ కనిపిస్తే ఆయనకు అన్నం సహించదు. పరాయి ఊరి బస్టాండు గోడ చూసి కూడా అలాగే ఉంటాడు.

జంపయ్య ఇంటికి పోయాను. ఖాళీగానే ఉన్నాడు, ఈ రోజుల్లో అందరిలాగే.

"పని ఉంది జంపయ్యా."

"ఇల్లా వదినా? ప్రహరీనా? బాత్రూమైనా సరే."

చెప్పాను. తల దించుకున్నాడు. 

"అన్న ఉండంగ నేనేంది వదినా?"

"ఆయన చెయ్యి పెట్టనన్నడు. ఎవలనన్న పిలుసుకోమన్నడు."

"ఇంతమంది మేస్త్రీలుండంగ నన్నెందుకు?"

"నీ పనితనం నాకు ఎర్కనే గదా" అన్నాను. నాలుక మీద కొంచెం కూడా వణుకు లేదు.

సంతోషపడ్డాడు, పిచ్చోడు. కూలి వద్దన్నాడు. ఇంటికి వస్తూ దారి పొడుగునా సిగ్గుపడ్డాను.

మార్చి 12, గురువారం

సిమెంటు దొరికింది. గనిలో పనిచేసే వీరేందర్ అని ఒకాయన ఉన్నాడు. ఆయన ఇల్లు మా ఆయనే మొదలుపెట్టాడు. కిటికీల పైదాకా లేచి ఆగింది. వైరాలో ఉన్న ప్లాటు అమ్మి స్లాబు వేద్దామనుకున్నాడు, ప్లాటు కొనేవాడు రాలేదు. నిరుడు ఆ ప్లాటు గురించి మాట్లాడితే కళ్లు నెత్తికెక్కేవి. ఇప్పుడు ఎవరు టీ తాగడానికి వచ్చినా "మీకు వైరాలో జాగా కావాల్నా?" అని అడుగుతున్నాడు. నన్ను కూడా అడిగాడు. నా కాలికి చెప్పులు లేవు.

"సిమెంటు బస్తాలు గడ్డలైతున్నయ్ అమ్మా, ఎన్ని కావాల్నో తీస్కపో. మీ షాలేము మా ఇంట్ల టైల్స్ తనే ఏస్తనన్నడు" అన్నాడు. ఆ మాట అని ఆయనే మొహం తిప్పుకున్నాడు.

మార్చి 17, మంగళవారం

జంపయ్య మొదలుపెట్టాడు. నేను, నా జతకూలి సోమ్లి మాలు కలిపాం. సోమ్లి లంబాడామె. ఎవరినీ లెక్క చేయదు.

రెండో వరుసకే గోడ తూర్పుకు మళ్లింది.

"ఓ జంపయ్యా, గోడ యాడికి పోతుంది?" అంది సోమ్లి.

"యాడికి పోతది, పైకే పోతుంది."

"పైకా, ములకలపల్లికా?"

నేను సోమ్లి కాలు తొక్కాను. నాకు కావలసింది ఆ వంకరే కదా. ఐదో వరుసకు ఎంత వంగిందంటే చూస్తూ ఉంటే మన మెడ కూడా దానంతట అదే వంగుతుంది.

మార్చి 18, బుధవారం

సంగతి అడ్డాకు చేరింది. పొద్దున్నే సెంట్రింగు సమ్మయ్య నాలుగు చెక్కలు, జాకీ పట్టుకొని వచ్చాడు.

"సమాధికి సెంట్రింగ్ ఏంది అన్నా?" అన్నాను.

"ఉండనీ చెల్లె. ఇంట్ల ఉంటే మా ఆమె చెక్కలు పొయ్యిల పెడుతుంది."

వెనకే ఇంకో ముగ్గురు మేస్త్రీలు వచ్చారు. ఎవరూ పిలవలేదు. ఒకడు రసమట్టం తెచ్చాడు, ఒకడు దారం తెచ్చాడు, ఒకడు సలహాలు తెచ్చాడు. నాలుగు మూరల గోడ చుట్టూ నిలబడి పునాది గురించి గంటసేపు కొట్లాడారు. మూడంతస్తుల బిల్డింగుకు కూడా ఇంత మాట్లాడరు. జంపయ్య ఎవరి మాటా వినలేదు. "పని నాకిచ్చింది వదిన" అన్నాడు. నా పరువు కాపాడుతున్నాననుకుంటున్నాడు.

మా ఆయన మాత్రం రాలేదు.

మార్చి 19, గురువారం

ఇవాళ కూడా రాలేదు. గోడ మూడొంతులు అయిపోయింది. ఇదే వంకరతో పూర్తయితే నా తెలివి నా కొడుకు మీదే పడుతుంది. ఎంత పని చేశాను. రాత్రంతా ఇదే తలపు.

మార్చి 20, శుక్రవారం

అన్నం పెడుతూ ఊరికే అన్నట్టు అన్నాను, "జంపయ్య మంచిగనే కడుతున్నడు. కొంచెం తూర్పుకు పోయింది గానీ."

నమలడం ఆపాడు. "ఎంత?"

"ఎంతో కాదు. ఏడు వరుసలకు రెండు వేళ్ల మందం."

"ఏడు వరుసలకే రెండు వేళ్లా? గుండు ఎయ్యలేదా?"

"కన్నే మట్టం అన్నడు."

"దారం?"

"నా చీర పోగు ఒకటి పీకి ఇచ్చిన. మధ్యల తెగింది."

"ఇటుకలు తడిపిండా?"

"ఎందుకూ, పొడిగుంటే బరువు ఉండవు గదా అన్నడు."

ఇదొక్కటి అబద్ధం. ఇటుకలు జంపయ్య బాగానే తడిపాడు. వంకరవాడే గానీ పొడి ఇటుక పెట్టేంత పాపిష్టి కాదు. మా ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. సగం అన్నం అలాగే ఉంది.

మార్చి 21, శనివారం

పొద్దున లేచేసరికి మా ఇంటి గోడకు తగిలించిన గుండు లేదు.

నేను వెంటనే పోలేదు. కోళ్లకు నూకలు వేశాను. వాకిలి ఊడ్చాను. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చాను. తర్వాత పోయి తోట మూలన టేకు చెట్ల వెనక నిలబడ్డాను.

ఆయన జంపయ్య గోడకు గుండు వేలాడదీసి చూస్తున్నాడు. గాలి లేదు. గుండు ఊగుతూనే ఉంది. గుండు నిలవాలంటే పట్టుకున్న చెయ్యి నిలవాలి. ముప్పై ఏళ్లలో ఆ చెయ్యి కదలడం నేను చూడలేదు.

దగ్గరికి పోయాను. నా వైపు చూడలేదు.

"గోడ కడితే వాడు లోపలున్నడని నేనే ఒప్పుకున్నట్టు గాదానే" అన్నాడు.

 ఏడు నెలలుగా నేను ఆయన్ను రాయి అనుకున్నాను. ఈ డైరీలో కూడా రెండుసార్లు రాసి కొట్టేశాను.

కాసేపటికి గోడను కాలితో చూపించాడు. "గిది సూస్తే వాడు లేసొచ్చి తిడతడు. ఒక్క నూలు తేడా వస్తే టైలు పీకి మళ్ల ఏసెటోడు. నన్ను గూడ తిట్టెటోడు."

"అయితే గిట్లనే ఉంచుదాం" అన్నాను. "లేసి రానీ."

ఎందుకన్నానో తెలియదు. నోటి నుంచి వచ్చేసింది. ఆయన నన్ను చూశాడు. చూస్తూ చూస్తూ ముక్కులోంచి చప్పుడు చేశాడు. నవ్వు. ఆగస్టు తర్వాత అది మొదటిసారి. నాకు కూడా ఆగలేదు. సమాధుల మధ్య ఇద్దరం కడుపు పట్టుకొని నవ్వాం. మేకలు పారిపోయాయి. తర్వాత ఏడ్చాం. అది రాయక్కర్లేదు.

ఏడ్చాక ఆయన గోడను ఒక్క తన్ను తన్నాడు. పడలేదు. ఇంకోటి తన్నాడు.

"వంకరగ కట్టినా గట్టిగ కట్టిండు లం..." అన్నాడు. మిగతా మాట బైబిలు పక్కన పెట్టే పుస్తకంలో రాయను.

మార్చి 23, సోమవారం

గోడ పీకారు. పునాది నుంచి ఆయనే మొదలుపెట్టాడు. దారం కట్టి, గుండు వేసి, ప్రతి ఇటుకను చెవి దగ్గర తట్టి చూసి పెడుతున్నాడు. ముగ్గురు మేస్త్రీలూ చేతులు కట్టుకొని చూస్తున్నారు. ఇప్పుడెవరి దగ్గరా సలహా లేదు.

జంపయ్యను ఇటుకలు అందించే పనికి పెట్టాడు. మేస్త్రీని కూలి చేయడం ఎంత అవమానమో నాకు తెలుసు. జంపయ్య మాత్రం ఈల వేసుకుంటూ అందిస్తున్నాడు.

మార్చి 26, గురువారం

జంపయ్యకు మంచినీళ్లు ఇస్తూ క్షమాపణ అడుగుదామనుకున్నాను. "మరిదీ, నిన్ను నేను..." అన్నాను.

"నాకు ఎర్కనే వదినా" అన్నాడు నీళ్లు తాగుతూ. "నేను గూడ కావాల్ననే వంకర కట్టిన. అన్న చెయ్యి పడాలె గదా."

 ఎంత పెద్ద మనసు. ఇరవై ఏళ్ల పేరు పణంగా పెట్టాడు నా కోసం.

ఇంటికి వచ్చి పప్పు దించి గట్టు మీద పెట్టాను. పప్పంతా ఒక మూలకు పోయింది.

ఈ గట్టు ఎవరి కోసం వంకర కట్టాడు మరి? నమ్మాలో వద్దో తేలడం లేదు. నమ్ముతున్నాను. సగం.

మార్చి 31, మంగళవారం

పైన పలక పోశారు. సమ్మయ్య చెక్కలకు చివరికి పని దొరికింది. "సూసినవా, సెంట్రింగ్ ఏంది అన్నవ్" అని నా చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఈ సంవత్సరం ఆయన వేసిన మొదటి సెంట్రింగు ఇదే. చెక్కల్ని పసిబిడ్డ ఒంటిలాగా జాగ్రత్తగా తుడిచాడు.

వీరేందర్ డ్యూటీ దిగి బొగ్గు మొహంతోనే వచ్చి చూసి పోయాడు. "నా ఇల్లు గూడ గిట్ల అయితే బాగుండు" అన్నాడు. తర్వాత ఏం అన్నాడో అర్థమై నాలుక కరుచుకున్నాడు. అందరం పకపకా నవ్వాం.

ఏప్రిల్ 2, గురువారం

పూత అయిపోయింది. మా ఆయన చేత్తో నిమిరి చూశాడు. కళ్లు మూసుకొని నిమిరాడు. గోడల్ని ఎప్పుడూ అలాగే చూస్తాడు.

ఏప్రిల్ 5, ఈస్టరు

తెల్లవారుజామున ఆరాధనకు అందరం తోటకు పోయాం. అన్ని సమాధుల మీద పూలు, కొవ్వొత్తులు. మాది ఇంకా పచ్చిగా ఉంది కాబట్టి సున్నం వేయలేదు, బూడిద రంగులోనే ఉంది. అయినా జనం పాటలు ఆపి మాదే చూశారు. అంత నిలువుగా ఇంకోటి లేదు. నాకు గర్వం వచ్చింది. ఈస్టరు రోజు రాకూడనిది, వచ్చింది.

నాకు కావలసింది అయిపోయింది. ఇక ఎక్కడికైనా పోవచ్చు. ఎల్లుండి పొద్దున హైదరాబాదు బస్సు. కోళ్లను సోమ్లికి ఇస్తానని చెప్పాను. సంతోషంగానే చెప్పాను.

ఏప్రిల్ 6, సోమవారం

ఉదయం నుంచి కోళ్ల మీద అరుస్తున్నాను. అవి ఏం చేయలేదు.

సాయంత్రం బెంజమిన్ ఫోను చేశాడు. మా ఆయన స్పీకరు పెట్టాడు.

"బస్సు ఎక్కుతున్నరు గదా బావా?"

"ఎట్ల ఎక్కుతం రా? సిమెంటు పని అయింది. నీళ్లు పట్టొద్దా? పొద్దున మాపున తడపకపోతే పగుళ్లు వస్తయ్."

"ఎన్ని దినాలు?"

"పదునాలుగు."

"అక్క తడిపి వస్తది, నువ్వు రా."

"దానికి మోకాళ్లు నొప్పులు" అన్నాడు ఆయన.

నేను గిన్నెలు తోముతూ విన్నాను. ముప్పై ఏళ్లు మేస్త్రీ పెళ్లాన్ని. ఎన్ని గోడలకు బిందెలతో నీళ్లు పోశానో. ఇంత చిన్న పూతకు ఏడు రోజులు తడిపితే చాలు.

ఇంకో గిన్నె అందుకున్నాను.

ఏప్రిల్ 13, సోమవారం

పొద్దున, సాయంత్రం పోతున్నాం. ఆయన బకెట్టుతో తెస్తాడు, నేను చెంబుతో పోస్తాను. పై నుంచి మొదలుపెట్టి కాళ్ల దాకా. చెవుల వెనక కూడా పొయ్యమంటాడు. మేస్త్రీలు మూలల్ని అలా అనరు. నేను సరిదిద్దలేదు.

ఏప్రిల్ 20, సోమవారం

పద్నాలుగు రోజులు అయ్యాయి. వీరేందర్ ప్లాటు అమ్ముడుపోలేదు. అడ్డా మీద ఎవరికీ పని లేదు. బెంజమిన్ పొద్దున్నే ఫోను చేశాడు. అపార్టుమెంటువాళ్లు ఇంక ఆగరంటున్నారట, రేపైనా వస్తారా రారా తేల్చమన్నాడు.

ఆయన నా వైపు చూడకుండా ఫోనులో గట్టిగా చెప్పాడు, "ఎండలు మస్తుగున్నయ్ రా. పదునాలుగు సాలయి. ఇరవై ఒకటి పట్టాలె. ఆ జాగా ఇంకెవరికన్న ఇయ్యమను."

ఇరవై ఒక్క రోజులు నీళ్లు ఇంటి స్లాబుకు పడతారు. అది నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకు తెలుసు.

ఫోను పెట్టి తలుపు దగ్గర నిలబడ్డాడు, నేనేం అంటానో అని.

"ఇరవై ఒకటి ఏం సాలుతయ్" అన్నాను. "కొత్త సిమెంటు గాదు, బస్తాలల్ల మగ్గింది. ఇరవై ఎనిమిది జేద్దాం."

"అవ్, అది కరెక్టే" అన్నాడు. బకెట్టు తీసుకొని ముందు నడిచాడు.